పళ్లెం ఎవరు పట్టుకోవాలి

సెమినరీలో మాకు హీబ్రూ నేర్పారు, గ్రీకు నేర్పారు. ప్రసంగాన్ని మూడు భాగాలు చేసి, మూడింటినీ చివర్లో ముడివేయడం నేర్పారు. ఒకే మధ్యాహ్నం వరసగా ఇళ్లన్నీ తిరిగి, ఆఖరి ఇంట్లో కూడా టీ, సమోసా కాదనకుండా తిని, నవ్వు మొహంతో బయటపడటం మాత్రం నేర్పలేదు. నా ఉద్యోగంలో సగం అదే.

ఉద్యోగం అంటే కొందరు పాస్టర్లకు కోపం వస్తుంది, సేవ అనాలట. జీతం తీసుకున్నాను, సెలవు కావాలని బతిమాలుకున్నాను, బాసుల చేత చీవాట్లు తిన్నాను. నా మటుకు అది ఉద్యోగమే. రిటైరయ్యాక ఈ మధ్య పాస్టర్లు కాబోయే పిల్లలు కొందరు వచ్చి, "అంకుల్, సంఘాన్ని నడపడం ఎలా?" అని అడుగుతున్నారు. సంఘాన్ని నేను నడపలేదు నాయనా, అదే నన్ను నడిపింది. ఎలా నడిపిందో చెబుతాను, వినండి.

లేవడం, కూర్చోవడం

మాది ఒంగోలు వైపు. ఉత్తరాదిలో సెమినరీ చదవడం వల్ల హిందీ వచ్చు. డెబ్బైల మొదట్లో ఢిల్లీలోని ఒక పాత ప్రెస్బిటేరియన్ సంఘానికి హిందీ, తెలుగు రెండూ వచ్చిన పాస్టరు కావలసివచ్చాడు. అంతకు మించి నాలో గొప్పతనం చూసి పిలిచారని అనుకోకండి, నేనూ అనుకోలేదు.

ఆ చర్చి పాత ఢిల్లీని ఆనుకుని ఉండేది. కొత్త ఢిల్లీ కంటే వయసులో పెద్దది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన పాదిరీలు కట్టించారు. ఎర్ర ఇటుక గోడలు, పొడుగాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, వీపు వంచడానికి వీల్లేని టేకు బెంచీలు. ఆ బెంచీల మీద నిద్రపోవాలని ఎందరో ప్రయత్నించారు. నా ప్రసంగం సాయం చేసినా కుదరలేదు.

ఉదయం హిందీ ఆరాధన, మధ్యాహ్నం తెలుగు ఆరాధన. తెలుగువాళ్లు ఆర్.కె. పురం, సరోజినీ నగర్ క్వార్టర్ల నుంచి బస్సులు మారి వచ్చేవారు. జనక్‌పురి నుంచి వచ్చే అండర్ సెక్రటరీ గారికి మరీ దూరం. ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా మొదలయ్యేలోపు ఆయన ఇల్లు చేరాలి. ఆయన వాచీ వంక చూశారంటే నేను ప్రసంగం రెండో భాగం నుంచి నేరుగా ముగింపులోకి దూకేవాణ్ని. మూడు భాగాలు నేర్పిన మా గురువుగారికి ఈ సంగతి తెలియకపోవడమే మంచిదైంది.

మూడు నెలలకోసారి ప్రభు బల్ల. అంటే యేసు ప్రభువు తన శిష్యులతో చేసిన చివరి భోజనం గుర్తుగా రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం. ఆ ఒక్క రోజు రెండు భాషలవాళ్లూ ఉదయమే కలిసి కూర్చునేవారు. నా మొదటి పొరపాటు ఆ మొదటి ఉమ్మడి ఆరాధనలోనే జరిగింది.

మా ఆంధ్రా వైపు పాటకు నిలబడతాం, ప్రార్థనకు కూర్చుంటాం లేదా మోకరిస్తాం. ఈ సంఘంలో తిరగేసి ఉంది. పాత స్కాట్లాండ్ పద్ధతి. పాటకు కూర్చుంటారు, ప్రార్థనకు లేచి నిలబడతారు. నాకు ఎవరూ చెప్పలేదు. నేను కళ్లు మూసుకుని మా ఊరి తరహా ప్రార్థన మొదలుపెట్టాను. మా ఊరి ప్రార్థనలో ప్రధానమంత్రి నుంచి జిల్లా కలెక్టరు వరకు, పంటల నుంచి పరీక్షల వరకు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, దారిలో ఉన్నవాళ్లు, దారి తప్పినవాళ్లు అందరూ వస్తారు. తీరిగ్గా ఆమెన్ చెప్పి కళ్లు తెరిస్తే, హిందీవాళ్లంతా నిలబడి నన్ను కొరకొరా చూస్తున్నారు. ఇద్దరు ముసలమ్మలు ఒకరి మీద ఒకరు వాలిపోయి ఉన్నారు. తెలుగువాళ్లు మాత్రం హాయిగా కూర్చుని, కాస్త పొట్టిగా చేశాడే అన్నట్టు చూస్తున్నారు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒక పొడుగాటి మనిషి నా చేయి పట్టుకున్నారు. మెడ దాకా బొత్తాలు పెట్టే నల్ల బంద్‌గలా కోటు, తెల్ల మీసం.

"పాస్టర్ సాబ్, దువా అచ్ఛీ థీ. పర్ ఖుదా కో తో సబ్ పెహ్‌లే సే పతా హై," అన్నారు. ప్రార్థన బాగుంది, కానీ దేవుడికి ఇవన్నీ ముందే తెలుసు కదా, మళ్లీ విడమరిచి చెప్పాలా అని.

ఆయనే మాస్టర్ ఉమ్మీద్ మసీహ్. నా బాసు. ప్రార్థనలో కళ్లు మూసుకోవడం సంఘం పని, పాస్టరు ఒక కన్ను తెరిచి ఉంచుకోవాలని ఆ రోజు తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.

బాసు అంటే ఎవరు

మా పద్ధతిలో బిషప్పు ఉండడు. పాస్టరు బోధిస్తాడు, సంఘం ఎన్నుకున్న పెద్దలు పాలిస్తారు. ఆ పెద్దల సభను సెషన్ అంటాం. పాస్టరు దానికి అధ్యక్షుడే గానీ, ఓట్లు సమానంగా చీలితే తప్ప అతనికి ఓటు లేదు. ఒకసారి పెద్దగా అభిషేకం పొందితే బతికినంత కాలం పెద్దే. పాస్టర్లు వస్తుంటారు, పోతుంటారు. పెద్దలు ఉంటారు. ఈ సంగతి అర్థం కాక నా తోటి పాస్టర్లు కొందరు పెద్దలతో పోట్లాడి గెలిచారు. గెలిచినవాళ్లంతా ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ అడిగారు.

మాస్టర్‌జీ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ముత్తాత ఆ సంఘంలో మొదట బాప్తిస్మం పొందినవాళ్లలో ఒకరట. సంఘ చరిత్ర చెప్పమంటే ఆయన వాళ్ల ఇంటి చరిత్ర చెప్పేవారు. ముత్తాత స్కాట్లాండ్ పాదిరీ పక్కన నిలబడి రొట్టె పళ్లెం మోశాడు, తర్వాత తాత మోశాడు, నాన్న మోశాడు, ఇప్పుడు ఈయన. మొదట్లో ఇదంతా డాబు అనుకున్నాను. తర్వాత వెనక గదిలో గోడకు తగిలించిన పాత గ్రూపు ఫొటోలు చూశాను. పాదిరీలు మారారు, టోపీలు మారాయి. ప్రతి ఫొటోలోనూ అదే ముక్కు ఉంది.

ఆ పళ్లెం గురించి చెప్పాలి. మా దగ్గర జనం లేచి ముందుకు వచ్చి రొట్టె తీసుకోరు. బెంచీల్లోనే కూర్చుంటారు. పాస్టరు పెద్దలకు ఇస్తాడు, పెద్దలు పళ్లేలు పట్టుకుని బెంచీల దగ్గరికి వెళతారు. బెంచీ చివర మనిషి తీసుకుని పక్క మనిషికి పళ్లెం అందిస్తాడు. ఎవరూ తమంతట తాము తీసుకోరు, పక్కవాడి చేతి నుంచే అందుకోవాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి అదే. మాస్టర్‌జీ పళ్లెం పట్టుకుని నడుస్తుంటే చూడాలి. బూట్ల చప్పుడు కూడా వినిపించేది కాదు.

టోకెన్లు భద్రంగా ఉన్నాయి

ఆ సంఘంలో ఇంకో పాత పద్ధతి కూడా ఉండేది. ప్రభు బల్లకు ముందు వారంలో ప్రతి పెద్దా తన వాటాకు వచ్చిన ఇళ్లకు వెళ్లాలి. క్షేమం అడగాలి, ఎవరితోనైనా తగాదా ఉంటే సర్దుకోమని చెప్పాలి, చివరికి చేతిలో ఒక సీసపు బిళ్ల పెట్టాలి. రూపాయి బిళ్లంత ఉంటుంది, దాని మీద మండే పొద బొమ్మ, బైబిల్లో దేవుడు మోషేతో మాట్లాడిన పొద. దాన్నే టోకెన్ అంటారు. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర ఆ టోకెన్ తిరిగి ఇస్తేనే బల్లలో పాలుపంచుకోవచ్చు. స్కాట్లాండ్‌లోనే జనం ఈ పద్ధతి మరిచిపోయి ఉంటారు. మా మాస్టర్‌జీ మరిచిపోనివ్వలేదు.

మొదటి ఉమ్మడి బల్లకు తెలుగువాళ్లను అతిథులుగా, టోకెన్లు లేకుండానే రానిచ్చారు. రెండో బల్లకు ముందు ఆర్.కె. పురం, సరోజినీ నగర్ తెలుగు ఇళ్లను కూడా పెద్దలకు పంచితే, అవి ఆయన వాటాకే వచ్చాయి. రెండు బస్సులు మారి వెళ్లడం మిగతా పెద్దలకు ఇష్టం లేక ఆయనకు అంటగట్టారు. ఆయన వెళ్లారు. తెలుగువాళ్ల గోంగూర పచ్చడి మొదటిసారి తిని కన్నీళ్లు పెట్టుకున్నారు. తర్వాతి మూడు నెలలకు, గడువుకు ముందే వచ్చేశారు.

సరోజినీ నగర్‌లో సిస్టర్ రూతమ్మ ఉండేది. గుంటూరు మనిషి, పెద్ద ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె వార్డులో డాక్టర్లు కూడా చెప్పులు సరిగ్గా విడిచి వచ్చేవారని చెప్పుకునేవారు. ఆమె నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న కాసేపటికే మాస్టర్‌జీ వెళ్లి తలుపు తట్టారు. నేనూ వెంట ఉన్నాను.

"కిసీ సే కోయీ ఝగ్‌డా తో నహీ?" అని ఆయన గంభీరంగా అడిగారు. ఎవరితోనైనా తగాదా ఉందా అని.

"ఇప్పటిదాకా లేదండీ," అంది రూతమ్మ నిద్రకళ్లతో. "ఇప్పుడే మొదలైంది."

నేను తర్జుమా చేయలేదు. అవసరం పడలేదు.

ఆ మొదటి విడతలో మాస్టర్‌జీ ప్రతి తెలుగు ఇంట్లోనూ టోకెన్ చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పారు. "సంభాల్ కే రఖ్‌నా." జాగ్రత్తగా పెట్టుకోండి అని. ఆదివారం తిరిగి తెచ్చి ఇవ్వాలని చెప్పడం మరిచిపోయారు. ముత్తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి ఎవరికైనా తెలియకుండా ఉంటుందని ఆయనకు తోచనే లేదు.

ఆదివారం వచ్చింది. మాస్టర్‌జీ గుమ్మంలో చేయి చాచి నిలబడ్డారు. "టోకెన్?"

"ఇంట్లో ఉందండీ, బీరువాలో పెట్టాం." మొదటి కుటుంబం.

"ఘర్ పే హై, సంభాల్ కే రఖా హై." రెండో కుటుంబం, హిందీలో. ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకున్నాం అని.

మూడోవాళ్లు బైబిల్లో పెట్టారు, ఆ బైబిలు ఇంట్లో ఉంది. ఒకాయన నల్లతాడు కట్టి చంటిపిల్ల మెడలో వేశాడు, పిల్లకు జ్వరం కావడంతో తల్లితో ఇంట్లోనే ఉంది. ఆర్.కె. పురం నుంచి వచ్చిన ఇల్లాలు దాన్ని పాల బూత్ టోకెన్లతో కలిపి పెట్టింది. వాళ్లాయన పొద్దున్నే చూసుకోకుండా పాల మెషీన్‌లో వేశాడు. అది ఇరుక్కుపోయింది. పాలు రాలేదు. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఆయన్ని ఏమన్నారో చర్చి గుమ్మంలో చెప్పడం బాగోదన్నాడు. టోకెన్ జేబులో పెట్టుకుని వచ్చింది మా అండర్ సెక్రటరీ గారొక్కరే. ఆఫీసు పాస్ లేకుండా గేటు దాటడం ఆయనకు అలవాటు లేదు.

తెలుగువాళ్లంతా వరండాలో నిలబడిపోయారు. రూతమ్మ ముందుకు వచ్చింది.

"నా చేతిలో పెట్టింది మీరే కదండీ మాస్టర్‌జీ? ఇప్పుడు నేనెవరో తెలీదా?"

"ఆప్‌కో జాన్‌తా హూ. టోకెన్ చాహియే," అన్నారు ఆయన. మీరు తెలుసు, టోకెన్ కావాలి.

నేను ప్రసంగ వేదిక దిగి గుమ్మం దగ్గరికి వచ్చాను. అప్పటికి కొత్త పాస్టర్ని. "మాస్టర్‌జీ, టోకెన్లు వచ్చే వారం తెస్తారు, నేను పూచీ," అన్నాను. ఆయన నన్ను చూశారు, రూతమ్మను చూశారు, వరండాలో చీరలు సర్దుకుంటున్న ఆడవాళ్లను చూశారు. తర్వాత అర అడుగు పక్కకు జరిగారు. ఆ అర అడుగులోంచే మా తెలుగువాళ్లంతా లోపలికి వచ్చారు.

తర్వాతి సెషన్‌లో నాకు చీవాట్లు పడ్డాయి. ఆ తర్వాత టోకెన్ల పద్ధతే ఎత్తేశారు, మాస్టర్‌జీ ఒక్కరూ వద్దన్నా. టోకెన్లన్నీ ఆయన చెక్కపెట్టెలోకి తిరిగి చేరాయి, రెండు తప్ప. ఒకటి పాల మెషీన్ మింగింది. ఇంకొకటి ఎవరి దగ్గర ఉండిపోయిందో తేలలేదు. ఏళ్ల తరబడి ఆయన తెలుగు ఇళ్లకు వెళ్లిన ప్రతిసారీ గోంగూర తిన్నాక దాని గురించి ఒకసారి అడిగేవారు.

చెప్పలేకపోయిన మాట

ఎనభైల మధ్యకు వచ్చేసరికి మాస్టర్‌జీ చేయి వణకడం మొదలైంది. ద్రాక్షారసం చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ఇస్తాం. ఆయన ఆ పళ్లెం పడితే నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో గ్లాసులన్నీ గలగలలాడేవి. పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీల కిందికి వంగేవారు. సరేనని రొట్టె పళ్లెం ఒక్కటే ఇచ్చాం. అది స్కాట్లాండ్ నుంచి వచ్చిన బరువైన పళ్లెం. ఒక ఆదివారం అది ఒరిగి, రొట్టె ముక్కలు అండర్ సెక్రటరీ గారి భార్య ఒళ్లో పడ్డాయి. ఆవిడ కదలకుండా కూర్చుని, అదేదో ఎప్పుడూ జరిగేదే అన్నట్టు ముక్కలన్నీ తీసి పళ్లెంలో పెట్టింది. మాస్టర్‌జీ మొహం చూడలేకపోయాను. బెంచీ చేరి చాలాసేపు తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నారు.

ఆయన లేని రోజు చూసి పెద్దలు సమావేశమయ్యారు. ఆయన పళ్లెం వదిలేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ మాట ఆయనకు పాస్టరు చెప్పాలని కూడా ఏకగ్రీవంగా తీర్మానించారు. పాలించేది పెద్దలని చెప్పాను కదా. చేదు మాట మాత్రం ఎప్పుడూ పాస్టరు నోటినుంచే రావాలి.

మొదటిసారి వెళ్లాను. ఆలూ పరాఠా పెట్టారు. తిని వచ్చేశాను.

"చెప్పారా?" అంది మా ఆవిడ సుగుణ.

"పరాఠా బాగుంది," అన్నాను.

రెండోసారి నేను నోరు తెరవబోతుంటే ఆయనే సంఘ చరిత్ర ఎత్తుకున్నారు. ముత్తాత, తాత, నాన్న, పళ్లెం. చివర్లో టీ కప్పు సాసరు మీద టకటకలాడుతుంటే కింద పెట్టేసి నా కళ్లలోకి చూశారు.

"ముఝే పతా హై ఆప్ క్యో ఆయే హై," అన్నారు. ఎందుకు వచ్చానో ఆయనకు తెలుసు. "పాస్టర్ సాబ్, ఏక్ బాత్ సున్ లీజియే. జిస్ దిన్ థాలీ గయీ, ఉస్ దిన్ సే మై భీ చర్చ్ నహీ ఆవూంగా. అక్కడికి వచ్చి ఏం చెయ్యను? అతిథిలా కూర్చుని చూడనా?"

పళ్లెం పోతే చర్చికి రారట. ఉత్త బెదిరింపు కాదు. భార్య పోయింది, బడి ఎప్పుడో అయిపోయింది. వారమంతా ఆ మనిషి ఆదివారం కోసమే బట్టలు ఇస్త్రీ చేసుకునేవారు. పళ్లెం తీసుకుంటే మనిషి పోతాడు, తీసుకోకపోతే అందరి ముందూ ఆయన పరువు పోతుంది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది కూడా.

ఏం చేయాలో తోచక రూతమ్మకు చెప్పాను. పదేళ్లకు పైగా ఆయనతో పేచీ పడుతున్న మనిషి. ఆమె అంతా విని, "మీరేం చెప్పమాకండి అయ్యగారూ. మీకు చేతకాదు. నేనొస్తా," అంది.

మూడోసారి ఇద్దరం వెళ్లాం. రూతమ్మ కూర్చోగానే ఆయన చేయి పట్టుకుని నాడి చూసింది. అడగను కూడా లేదు. ఆయన లాక్కోబోయారు, ఆమె వదల్లేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్టా?"

"కుఛ్ నహీ హై," అన్నారు ఆయన.

"సరే, ఏం లేదు," అని చేయి వదిలేసింది. తర్వాత హిందీలోకి దిగింది. ఆ హిందీలో గుంటూరు ఎంత ఉందో చెప్పలేను. సారాంశం ఇది. మా వార్డులో పాత సిస్టరు వెళ్లేముందు కొత్తదానికి ట్రే పట్టుకోవడం నేర్పి వెళుతుంది. మీరు ఇన్నేళ్లు పళ్లెం మోశారు, ఒక్కరికైనా నేర్పారా? మీ ముత్తాత నేర్పాడు కాబట్టే మీ తాత మోశాడు. రేపు మీరు జ్వరం వచ్చి పడుకుంటే ఆ మిగతా పెద్దలు పళ్లెం పట్టుకుని బజార్లో కూరగాయల బుట్ట మోసినట్టు మోస్తారు. మాస్టరు అని పేరు పెట్టుకుని ఏం లాభం?

 మాస్టర్‌జీకి మిగతా పెద్దల నడక గుర్తుకొచ్చి ఉంటుంది, మొహం చిట్లించారు.

"కిస్‌కో సిఖావూ?" అన్నారు. ఎవరికి నేర్పను?

"నాకు."

"ఔరత్?" అన్నారు ఆయన నా వైపు తిరిగి. ఆడమనిషా!

"నేర్పితే ఏం పోయిందండీ," అంది రూతమ్మ. "పరీక్ష పెట్టి ఫెయిల్ చేద్దురు గానీ."

ఫెయిల్ చేయవచ్చన్న ఆశ చూపితే ఏ లెక్కల మాస్టరు కాదంటాడు?

బిస్కెట్ల పాఠం

ఆ తర్వాత ప్రతి బుధవారం సాయంత్రం ఖాళీ చర్చిలో పాఠం జరిగింది. పళ్లెంలో రొట్టెకు బదులు బిస్కెట్లు. ఖాళీ బెంచీల్లో సంఘం పాత్ర వహించడానికి నేను, సుగుణ. రూతమ్మ నడుస్తుంది, మాస్టర్‌జీ చేతికర్ర పట్టుకుని వెనక నడుస్తారు.

"థాలీ మత్ దేఖో! ఆద్మీ కో దేఖో!" పళ్లేన్ని కాదు, మనిషిని చూడు.

"ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని ఇన్నేళ్లు నడిచానండీ, నాకా చెబుతున్నారు?"

"ఇంజెక్షన్ నహీ దే రహీ హో. ఆహిస్తా!" ఇంజెక్షన్ ఇవ్వడం లేదు, మెల్లగా.

అక్కడ మాత్రం ఆయన చెప్పింది నిజం. రూతమ్మ పళ్లెం తెస్తుంటే నాకు ప్రతిసారీ చొక్కా చేయి పైకి మడవాలనిపించేది. ఆయన ఓపిగ్గా ఆమె నడకలోంచి ఆసుపత్రిని తీసేశారు. వంగవద్దు, తొందరపెట్టవద్దు, ముసలివాళ్ల దగ్గర పళ్లెం అంచు కింద చేయి ఆనించి ఉంచు, తీసుకునేవాడు భయపడకూడదు. ఆ పాఠాలు వింటూ బిస్కెట్లు తింటూ నేను నేర్చుకున్నది సెమినరీలో నేర్చుకోలేదు. ఓ కిలో బరువు కూడా పెరిగాను.

చివరి బుధవారం సుగుణ, "ఎన్ని మార్కులు మాస్టర్‌జీ?" అని అడిగింది.

"సెకండ్ డివిజన్," అన్నారు. ఆయన దగ్గర చదివినవాళ్లను తర్వాత వాకబు చేస్తే, ఫస్ట్ డివిజన్ ఎవరికీ వచ్చిన దాఖలా లేదు.

ఆడవాళ్లు సంఘ పెద్దలు కావచ్చని అన్ని సంఘాలకూ పైనున్న సభ ఎప్పుడో ఒప్పుకుంది. మా సెషన్ ఆ సంగతి విని, జాగ్రత్తగా బీరువాలో పెట్టింది. ఆ నెల సెషన్‌లో మాస్టర్‌జీ లేచి రూతమ్మ పేరు ప్రతిపాదించారు.  అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఓటింగ్ పెట్టాను. చేతులు లేచాయి. మాస్టర్‌జీ చేయి కూడా లేచింది, గాలికి ఊగినట్టు ఊగుతోంది.

"మాస్టర్‌జీ, మీది అవునా, కాదా?" అన్నాడొక పెద్ద, చమత్కారం అనుకుని.

"కాంప్ రహా హై, పర్ ఊపర్ హై," అన్నారు ఆయన. వణుకుతోంది, కానీ పైకే ఉంది. "గిన్ లీజియే."

లెక్కపెట్టాం. ఆ ఒక్క చేయి వల్లే నెగ్గింది, నా ఓటు అవసరం పడలేదు. తర్వాత సంఘం కూడా ఆమెను ఎన్నుకుంది. మాస్టర్‌జీ పళ్లెం వదిలేస్తున్నట్టు తనే చెప్పి, చేతికర్ర తీసుకుని వెళ్లిపోయారు. ఆదివారం వస్తానని గానీ రానని గానీ అనలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

గుమ్మం దగ్గర

ప్రభు బల్ల ఆదివారం. కొత్త పెద్దగా రూతమ్మ తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఒకప్పుడు మాస్టర్‌జీ నిలబడ్డ చోటే. జనం వచ్చారు, బెంచీలు నిండాయి. మాస్టర్‌జీ కూర్చునే బెంచీ చివర ఖాళీగా ఉంది. ఆర్గన్ మోగింది. నేను మొదలుపెట్టకుండా పుస్తకం సర్దుతూ కాలం గడుపుతున్నాను. అండర్ సెక్రటరీ గారు వాచీ చూసుకున్నారు. ఆ రోజు మాత్రం ఆయన్ని పట్టించుకోలేదు.

అప్పుడు వరండాలో చేతికర్ర చప్పుడు వినబడింది.

బంద్‌గలా కోటు, ఇస్త్రీ మడత చెదరలేదు. మాస్టర్‌జీ గుమ్మం దాకా వచ్చి ఆగారు. లోపలికి రావాలా వద్దా అని ఆయనకే తేలనట్టుంది. రూతమ్మ అడ్డంగా చేయి చాచింది.

"టోకెన్, మాస్టర్‌జీ?"

అది విన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు.  మాస్టర్‌జీ కోటు జేబు తడుముకున్నారు, లోపలి జేబు తడుముకున్నారు. తర్వాత ఆ తెల్ల మీసం కింద ఏదో కదిలింది.

"ఘర్ పే హై," అన్నారు. "సంభాల్ కే రఖా హై."

తెలుగు బెంచీలన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి. హిందీవాళ్లు పాపం ఆ నవ్వెందుకో అర్థంకాక మా వంక చూశారు. రూతమ్మ నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి సీసపు బిళ్ల ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టి, వణికే వేళ్లను తన చేత్తో మూసింది. ఆయన దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశారు. మండే పొద.

"తుమ్హారే పాస్ థా!" అన్నారు. "నీ దగ్గరే ఉందా, ఇన్నేళ్లూ!"

"జాగ్రత్తగా పెట్టుకోమన్నది మీరే కదండీ," అంది రూతమ్మ. 

ఆయన ఆ టోకెన్‌ను పద్ధతి ప్రకారం ఆమె చేతిలో పెట్టారు. ఆమె అర అడుగు పక్కకు జరిగింది. ఆయన లోపలికి వచ్చి తన బెంచీ చివర కూర్చున్నారు.

ప్రార్థనకు అందరూ లేచారు. నేను ఒక కన్ను తెరిచే ఉంచాను. మాస్టర్‌జీ ముందు బెంచీ పట్టుకుని, కర్ర ఊతంగా లేవడానికి అవస్థ పడుతున్నారు. నా జీవితంలోకెల్లా పొట్టి ప్రార్థన ఆ రోజు చేశాను. ప్రభువా, నీకు అన్నీ ముందే తెలుసు, ఆమెన్.

రొట్టె పళ్లెం పట్టుకుని రూతమ్మ మొదట ఆయన బెంచీకే వెళ్లింది. పళ్లేన్ని కాదు, ఆయన్నే చూస్తూ నడిచింది. పళ్లెం అంచు కింద ఆమె చేయి అలాగే ఆనించి ఉంది. ఆయన తన ముక్క తీసుకుని, పళ్లేన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కనున్న మనిషికి అందించారు. ఒక్క ముక్క కూడా పడలేదు. నేను పాస్టర్ని కాబట్టి ఏడవకూడదని గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. గుర్తొచ్చినా లాభం లేకపోయింది.

ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర అందరికీ చేతులు కలుపుతున్నాను. మాస్టర్‌జీ వచ్చి, నా చేయి పట్టుకుని వదలకుండా నిలబడ్డారు. మొహం చూస్తే చీవాట్లు తప్పవని తెలిసింది.

"పాస్టర్ సాబ్, యే క్యా దువా థీ? ఇదేం ప్రార్థన? నేను సగం లేచేసరికే ఆమెన్ అనేశారు!"

"క్షమించండి మాస్టర్‌జీ," అన్నాను.

"అగ్‌లే ఇత్‌వార్ పూరీ కీజియే," అన్నారు చేతికర్ర నేలకేసి కొట్టి. "వచ్చే ఆదివారం మొత్తం చెయ్యండి. నేను నిలబడతాను."